పేరు కొడుతుండగానే జాబితా అక్కడికి చేరాలంటే

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం కోసం పైథాన్‌లో, తెరమీద కిటికీలు, జాబితాలు చూపే టికింటర్ లైబ్రరీతో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అందులోని లిస్ట్‌బాక్స్‌లో సుమారు 4,000 మంది సభ్యుల పేర్లు అకారాది క్రమంలో ఉన్నాయి. అక్షరాలు కొడుతుంటే ఆ పేరు దగ్గరికే జాబితా వెళ్ళాలని ప్రయత్నించాను. మొదటి అక్షరానికి సరిగానే వెళుతోంది గాని, రెండోది కొట్టగానే దానితో మొదలయ్యే మరో పేరుకు దూకుతోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ప్రోగ్రాం ప్రతి అక్షరాన్నీ కొత్త వెతుకులాటగా భావిస్తోంది. నొక్కిన అక్షరాలను ఒక వేరియబుల్‌లో వరుసగా చేర్చుకుంటూ, ప్రతిసారీ ఆ మొత్తం ముక్కతో మొదలయ్యే తొలి పేరును వెతకాలి. కొట్టేవారు కాసేపు ఆగితే ఆ ముక్కను చెరిపివేయాలి. ఆ కాసేపు ఎంత అన్నదే ఇందులో ఆలోచించి తేల్చవలసిన విషయం. టికింటర్ లాంటిదే అయిన క్యూట్ (Qt) లైబ్రరీలో ఈ వ్యవధి మామూలుగా 400 మిల్లీసెకన్లు, జావా స్వింగ్ జాబితాల్లో 1,000. అయితే "త్యాగరాజు"లోని మొదటి అక్షరానికే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద త, పొల్లు, య, దీర్ఘం అని నాలుగు మీటలు నొక్కాలి కనుక, వెతుక్కుంటూ కొట్టేవారికి 400 ఏ మాత్రం చాలదు. నేనైతే 1,200 దగ్గర మొదలుపెట్టి, వాడేవారి వేగాన్ని చూసి సవరిస్తాను.

టికింటర్‌లో ఇందుకు ఆఫ్టర్ అనే మెథడ్ ఉంది. చెరిపే పనిని దానితో వాయిదా వేసి, మరో అక్షరం పడగానే ఆఫ్టర్ క్యాన్సిల్‌తో పాత వాయిదాను రద్దు చేసి కొత్తది పెట్టండి. పేరు దొరికాక పాత ఎంపికను తీసివేసి కొత్త వరుసను ఎంపిక చేయడంతో పని పూర్తి కాదు. ఆ వరుసను యాక్టివేట్ కూడా చేయకపోతే, తరువాత బాణం మీట నొక్కినప్పుడు జాబితా పాత చోటి నుంచే కదులుతుంది. సీ (see) అనే మెథడ్‌తో ఆ వరుసను కనిపించే చోటికి జరపడం సరేసరి.

ఖాళీ (స్పేస్) మీట విషయంలో జాగ్రత్త వహించండి. లిస్ట్‌బాక్స్ దాన్ని ఎంపిక మీటగా వాడుకుంటుంది కాబట్టి, "రామా రావు" మధ్యలోని ఖాళీ మీ వెతుకులాటకే చెందాలంటే మీ ఫంక్షన్ చివర "బ్రేక్" అనే మాటను తిరిగి పంపాలి. బాణం మీటల వంటివి నొక్కినప్పుడు అక్షరం బదులు ఏమీ లేని ఖాళీ స్ట్రింగు వస్తుంది. చిత్రమేమిటంటే, ముద్రించదగినదేనా అని అడిగితే పైథాన్ దానికి ఔననే అంటుంది. అందువల్ల ఖాళీ స్ట్రింగును ముందే వేరుగా తోసిపుచ్చండి.

ఇక పేర్ల సంగతి. "రాజ్‌కుమార్" అని పొల్లు విడిగా కనిపించడానికి కొందరు మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పెడతారు, కొందరు పెట్టరు. పోల్చే ముందు రెండువైపులా దాన్ని తొలగించకపోతే, ఎదురుగా కనిపిస్తున్న పేరు కూడా దొరకదు. వేగం కోసం, క్రమంలో ఉన్న జాబితాను సగాలుగా విడగొడుతూ వెతికే బైసెక్ట్ వాడాలన్న కోరిక కలగవచ్చు, వద్దు. యూనికోడ్‌లో ళ స్థానం వ కంటే ముందుంటుంది, మన వర్ణమాలలో తరువాత వస్తుంది. కాబట్టి మీరు "కవిత" తరువాత "కళ"ను ఉంచి ఉంటే బైసెక్ట్ లెక్క తప్పుతుంది. 4,000 పేర్లను మొదటి నుంచి వరుసగా చూసుకుంటూ పోయినా ఆలస్యం తెలియదు.

సిబ్బంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతికి అలవాటుపడి ఉంటే మాత్రం, జాబితా మీదే కొట్టించే ఈ ఏర్పాటును నమ్ముకోకండి. ఆ పద్ధతిలో మాట తయారయ్యేందుకు రాసే పెట్టె కావాలి. జాబితా పైన ఒక ఎంట్రీ పెట్టి, మీట వదిలిన ప్రతిసారీ అందులోని పాఠ్యాన్ని ఇదే వెతికే ఫంక్షన్‌కు అందించండి. అప్పుడు వాయిదాల లెక్కే అక్కర్లేదు.