63 పాటలు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి కాలేదు

ప్రశ్న: నా వయసు 34. గాజువాకలో ఉంటాం. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తున్నాను, షిఫ్టు డ్యూటీ. ఆరేళ్లుగా ఇంట్లో లాప్‌టాప్ మీద ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తున్నాను. డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ. కానీ ఏ ట్రాకూ పూర్తి చేయలేకపోతున్నాను. మొన్న లెక్కపెడితే 63 ప్రాజెక్టులు ఉన్నాయి. అన్నీ 124 బీపీఎంలో, అంటే నిమిషానికి 124 బీట్ల వేగంలో, తిరిగి తిరిగి మోగే ఎనిమిది బార్ల లూపులే. మొదటి రోజు పిచ్చి ఆనందంగా ఉంటుంది. మూడో రోజుకి అదే ట్యూన్ చెత్తలా అనిపిస్తుంది. కొత్త ప్లగిన్, అంటే కొత్త శబ్దాలిచ్చే సాఫ్ట్‌వేర్, కొంటే ఓ వారం ఊపు వస్తుంది, అంతే. వాటిలో ఒకటి మా అమ్మమ్మగారి ఊరి జాతరలో ఫోన్లో రికార్డు చేసిన తప్పెటగుళ్ల దరువు మీద చేశాను. అది స్పీకర్లో పెడితే మా పాప గెంతుతుంది. అదీ సగంలోనే ఉంది. ఇప్పటికి 40 వేల దాకా ఖర్చుపెట్టాను. ‘నీది మొదటినుంచీ ఆరంభ శూరత్వమే’ అంటారు మా నాన్నగారు. నా భార్య ఎప్పుడూ ఏమీ అనదు. ఈమధ్య మాత్రం ‘ఆరేళ్లలో ఒక్క పాటైనా నాకు వినిపించారా?’ అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. వచ్చే నెలాఖరుకి పాపకు అయిదేళ్లు నిండుతాయి. ఇవన్నీ అమ్మేసి మానేయమంటారా?
– ఒక సోదరుడు, గాజువాక

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ మీ భార్య అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. దాన్ని మీరు దెప్పిపొడుపుగా తీసుకున్నట్టున్నారు. నాకు అలా అనిపించలేదు. ‘ఎందుకు ఖర్చుపెట్టారు’ అని ఆమె అడగలేదు, ‘ఎందుకు మానరు’ అని అడగలేదు. ‘నాకు వినిపించారా’ అని అడిగారు. వినాలని ఉన్నవాళ్లే అలా అడుగుతారు. ఆరేళ్లుగా తలుపు అవతల ఏం జరుగుతోందో తెలియని మనిషి అడిగిన మాట అది. ముందు మీరు ఆమెకు జవాబు చెప్పాలి. అమ్మేయడం సంగతి తర్వాత చూద్దాం.

నాన్నగారి మాట కూడా మనసులోంచి తీసేయండి. ఆరంభ శూరుడు నెల రోజుల్లో పక్కకు తప్పుకుంటాడు. షిఫ్టులు చేస్తూ, పసిపిల్లను చూసుకుంటూ, ఎవరూ మెచ్చుకోకపోయినా ఆరేళ్లు ఆ లాప్‌టాప్ తెరిచిన మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. మీకు మొదలుపెట్టడం బాగా వచ్చు. ముగించడం అనే పని వేరే ఉంది, అది మీకు ఎవరూ నేర్పలేదు.

మా అమ్మ అల్లిపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. పొద్దున్న వంట అయ్యాక కత్తిరింపు, మిషను పని. అప్పుడు ఆమె మొహం వెలిగిపోతూ ఉండేది. చేతులు పెట్టి, మెడ తిప్పి, అద్దంలో తనకే ఆనించి చూసుకునేది. హెమ్మింగ్, హుక్కులు మాత్రం మిగిలిపోయేవి. అవి చేతి పని, మెల్లగా సాగుతాయి, కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. అల్మరా పక్కన కుర్చీ మీద హుక్కులు లేని జాకెట్లు పేరుకుపోయేవి. కుట్టు అంతా బాగానే ఉండేది, కానీ ఒక్కటీ తొడుక్కోవడానికి పనికిరాదు. చివరికి అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషను మీద గుడ్డ కప్పేసేది. గుమ్మంలో, వెలుతురులో కూర్చుని రేడియో పెట్టుకుని హుక్కులు మాత్రమే కుట్టేది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పని నాది. ఆ గంటలో కొత్త గుడ్డ ముట్టుకునేది కాదు, ఎవరు తెచ్చి ఇచ్చినా సరే. పెళ్లివాళ్లు ‘ఎల్లుండికి కావాలమ్మా’ అన్న జాకెట్టు అన్నిటికన్నా ముందు పూర్తయ్యేది.

మీరు రోజూ మిషను మీదే కూర్చుంటున్నారు తమ్ముడూ. హుక్కుల గంట మీకు లేదు. ఎల్లుండికి కావాలని అడిగేవాళ్లూ లేకపోయారు, మొన్నటిదాకా.

ఇక మూడో రోజుకి ట్యూన్ చెత్తలా ఎందుకు అనిపిస్తుందో చెప్తాను. ఎనిమిది బార్లు అంటే 32 బీట్లు. 124 బీపీఎంలో అది పదిహేనున్నర సెకన్లు. దాన్ని లూప్‌లో పెట్టి గంట కూర్చుంటే 230 సార్లు వింటారు. మూడు రోజులు రోజుకో రెండు గంటలు కూర్చున్నారనుకుంటే 1,300 సార్లు దాటిపోతుంది. ఏ చెవికైనా అది మొద్దుబారుతుంది. మీ ప్లాంటులో సాల్వెంటు వాసన ఓ పది నిమిషాలయ్యాక మీకు తెలియదు కదా. ఇంటికొచ్చి షర్టు విప్పితే మీ ఆవిడకు వెంటనే తెలుస్తుంది. వాసన పోలేదు, మీ ముక్కు అలవాటు పడిపోయింది. ట్యూన్ విషయంలోనూ జరిగేది అదే. మూడో రోజు మీరు ఇచ్చే తీర్పు ట్యూన్ మీద కాదు, అలసిపోయిన మీ చెవి మీద. ఆ తీర్పును నమ్మి ఒక్క ఫైలునూ మూసేయకండి. లూప్ కుదిరింది అనిపించగానే, ఓ ఇరవై నిమిషాలకు మించకుండా, రిపీట్ తీసేసి దాన్ని, పాట మొదటినుంచి చివరిదాకా కనిపించే టైమ్‌లైన్ మీద పరచడం మొదలుపెట్టండి.

ఏ ట్రాక్ అని 63 ఫైళ్లు తెరిచి చూడొద్దు. తెరిస్తే ఆ రాత్రంతా అక్కడే తెల్లారుతుంది. పాప గెంతే ఆ తప్పెటగుళ్ల ట్రాకే తీసుకోండి. మిగతా 62 ఇంకో ఫోల్డర్‌లోకి జరపండి. ఏదీ డిలీట్ చేయొద్దు. అవి వృథా కాదు, తర్వాత ముక్కలుగా పనికొస్తాయి. ఆ లూప్‌ను వరసగా పన్నెండు సార్లు అతికించండి. 96 బార్లు, అంటే మూడు నిమిషాల పై చిల్లర. చూడటానికి ఒకేలాంటి గోడలా ఉంటుంది. ఇప్పుడు కొత్తగా ఏమీ చేర్చకుండా తీసేయడం మొదలుపెట్టండి. మొదటి ముక్కలో తప్పెటగుళ్లు ఒంటరిగా వినిపించాలి, జాతరలో దూరంనుంచి వస్తున్నట్టు. రెండో ముక్కలో కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, రావచ్చు. బేస్ నాలుగోదాకా రాకపోయినా పరవాలేదు. మధ్యలో ఒకచోట కిక్, బేస్ రెండూ ఆపేసి, ఊపిరి పీల్చుకునే చోటు ఇచ్చి, మళ్లీ అన్నీ ఒక్కసారి వదలండి. చివరి రెండు ముక్కల్లో వచ్చినవి వచ్చినట్టే ఒక్కొక్కటి వెళ్లిపోవాలి. మీ లూప్‌లో ఉన్నది పాటలో అన్నిటికన్నా నిండుగా ఉండే చోటు. మిగతా పాటంతా దానిలోనే దాక్కుని ఉంటుంది. ఇలా పాటను పేర్చడాన్నే అరేంజ్‌మెంట్ అంటారు. దానికి భయపడేవాళ్లంతా కొత్తది పుట్టించాలనుకుని భయపడతారు. ఎక్కువ భాగం తీసివేతే.

అరేంజ్‌మెంట్ అయ్యాక, లాప్‌టాప్‌లో స్వరాలు పుట్టించే సింథ్‌లన్నీ ఆడియోగా మార్చేయండి. మీకు ఇది ప్రాణం మీదకు వచ్చినట్టు ఉంటుందని తెలుసు, ఎందుకంటే తర్వాత నాబ్ తిప్పడానికి ఉండదు. తిప్పకూడదనే చెప్తున్నాను. ఆ తర్వాత శబ్దాల హెచ్చుతగ్గులు సరిచూసే మిక్సింగ్‌కు రెండే సిట్టింగులు, ఒక్కోటి ముప్పావుగంట. రెంటికీ మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. ఆ రోజు కంపెనీ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటను మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వినండి. తప్పనిసరిగా మార్చాలి అనిపించినవి మూడు మాత్రం ఫోన్లో రాసుకోండి. నాలుగోది తోస్తే రాయొద్దు. ఇంటికొచ్చి ఆ మూడూ సరిచేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. బేస్ ఇంకొంచెం బాగుండేది అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఆ అనిపించినది వచ్చే పాటకు వాడుకుంటారు.

ఒక మాట మధ్యలో. ఎప్పుడైనా ఈ పాటను నలుగురూ వినేలా బయట పెడితే, ఆ తప్పెటగుళ్ల బృందానికి ఒక ఫోన్ చేసి చెప్పండి, వాళ్ల పేర్లు వేయండి. రొమ్ముకు రేకు తప్పెటలు కట్టుకుని గంటలకొద్దీ ఎగిరి వాయించేవాళ్ల కష్టం అది. విని వాళ్లు సంతోషిస్తారు.

కొత్త ప్లగిన్ల గురించి గట్టిగానే చెప్తాను. ఈ పాట పూర్తయ్యేదాకా రూపాయి పెట్టొద్దు, ఉచితంగా వచ్చేవీ దించుకోవద్దు. కొత్త ప్లగిన్‌తో వచ్చే ఊపు మళ్లీ మొదలుపెట్టే ఆనందమే. అది మీకు ఇప్పటికే కావాల్సినంత ఉంది. ముంబైలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ వాద్యాలు మూడే పెట్టుకుని, డిస్కో దరువు మీద పది రాగాలు రికార్డు చేశారు. అప్పట్లో ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే దేశదేశాల్లో ఆశ్చర్యపోయి విన్నారు. 2015లో ఆయన పోయేలోపు ఆ గౌరవం కళ్లారా చూసుకున్నారు. ఆ రాగాలు ఎక్కడో సగం టేపులో ఆగిపోయి ఉంటే 28 ఏళ్ల తర్వాత దొరకడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన పూర్తి చేసి, బయటకు వదిలారు కాబట్టే దొరికింది.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి అడుగుతాను, మీలో మీరే జవాబు చెప్పుకోండి. సగంలో ఉన్న పాటను ఎవరూ బాగోలేదని అనలేరు. ‘ఇంకా పూర్తి కాలేదు’ అని అడ్డం పెట్టుకోవచ్చు. పూర్తి చేస్తే ఆ అడ్డు పోతుంది. భార్య వింటుంది, నాన్నగారు వింటారు, ‘దీనికా ఇన్నేళ్లు?’ అంటారేమోనన్న టెన్షన్ మీలో ఉందా? ఉంటే అందులో తప్పేమీ లేదు. మనసు పెట్టి చేసిన ఏ పనికైనా ఆ బెదురు ఉంటుంది. దాని పేరు బద్ధకం అనుకుని ఆరేళ్లు మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు, అది నాకు బాధగా ఉంది.

ఊపు కోసం ఎదురుచూడటం మానేయండి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో చేసిన పరిశోధనల్లో, ‘ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తాను’ అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు, ఊరికే ‘చేస్తాను’ అనుకున్నవాళ్లకన్నా ఎక్కువగా పని పూర్తిచేశారని తేలింది. మీకు షిఫ్టులు మారతాయి కాబట్టి వారం వారం వేసుకోవాలి. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు వారంలో మధ్యాహ్నం నిద్ర లేచాక రెండు రోజులు, రోజుకి ఓ గంట. బీ షిఫ్టు వారంలో పాప స్కూలుకి వెళ్లాక పొద్దున్న. రాత్రి సీ షిఫ్టు వారంలో లాప్‌టాప్ ముట్టుకోవద్దు, నిద్రపోండి. రాత్రంతా మేలుకున్న బుర్రకు ఏ ట్యూనూ బాగుండదు. ఇంకొకటి, ప్రతిసారీ పనిని ఒక కొలిక్కి తెచ్చి లేవకండి. తర్వాత చేయాల్సింది స్పష్టంగా తెలిసిన చోట, పని మధ్యలో ఆపి లేవండి. సగంలో ఆపిన పనివైపు చెయ్యి దానంతట అదే పోతుందని 1928లోనే మరియా ఒవ్‌సియాంకినా అనే మనస్తత్వవేత్త ప్రయోగాలు చేసి చూపించారు. ‘రేపు అయిదో ముక్కలో బేస్ తీసేయాలి’ అని ఒక చీటీ రాసి లాప్‌టాప్ మీద అంటించి లేస్తే, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలన్న బెంగ ఉండదు.

ఈ గంటలు మీ భార్యతో కూర్చుని ఖాయం చేసుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి ఇంట్లో ఉండీ లేనట్టే. పిలిస్తే పలకడు, కుక్కర్ కూత వినిపించదు, పాప వచ్చి మోకాలు పట్టుకు లాగితే ఉలిక్కిపడతాడు. ఆమె ఆరేళ్లు ఏమీ అనలేదంటే ఇబ్బంది లేదని అర్థం కాదు. ‘మంగళవారం, శుక్రవారం నాలుగు నుంచి అయిదు నాకు వదిలెయ్యి, మిగతా సమయమంతా హెడ్‌ఫోన్లు సొరుగులో ఉంటాయి’ అని చెప్పండి. ఆమెకూ అలాంటి గంటలు రెండు కావాలేమో అడగండి. ఆ సమయంలో పాపను తీసుకుని మీరు బీచ్‌కో, పార్కుకో వెళ్లాలి. ఈ బేరం సమానంగా లేకపోతే ఎక్కువ రోజులు నిలవదు.

ఒక్క విషయం జాగ్రత్తగా గమనించుకోండి. పాట మీదే ఆసక్తి పోతోందా, లేక తిండి, నిద్ర, పాపతో ఆట, అన్నిటిమీదా పోతోందా? రెండు వారాలకు మించి అన్నిటిమీదా పోయినట్టుంటే అది పాట సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోవాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో నాకు ఆ ఛాయలు కనిపించలేదు. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు కాబట్టి చెప్తున్నాను.

అమ్మడం, మానడం ఇప్పుడు తేల్చుకోవద్దు. పాప పుట్టినరోజు మీ ‘ఎల్లుండి’. ఆ ముందురోజు రాత్రి పాట పూర్తయి ఫోన్లో ఉండాలి. పొద్దున్న పాప లేవకముందే, హెడ్‌ఫోన్లు కాకుండా స్పీకర్ పెట్టి, వంటింట్లో మీ భార్యకు మొదట వినిపించండి. వినేటప్పుడు ‘ఇక్కడ మిక్స్ సరిగా రాలేదు’, ‘ఇంకా మార్చాలి’ లాంటివి ఒక్కటీ అనకుండా మూడు నిమిషాలు ఊరుకోండి. ఆమె మొదట ఏమన్నారో నాకు రాయండి.