ఇప్పటి గొంతుకు రాయండి

నమస్కారం.

మీ ఉత్తరం, దానితో పాటు పంపిన మూడు పాటల రికార్డింగులు అందాయి. 26 ఏళ్ల తర్వాత మళ్లీ గిటారు పట్టానని, 58వ ఏట ఓనమాలు దిద్దుతున్నట్టు ఉందని రాశారు. పాటలు నాలుగైదు సార్లు విన్నాక ఈ జవాబు రాస్తున్నాను.

రెండో పాటలో, మొదటి చరణం మూడో పాదం దగ్గర ఊపిరి చాలక మాట మధ్యలో తెగింది. దాన్ని వయసు తెచ్చిన లోపంగా ఎంచి మన్నించమన్నారు. ఆ పాదాన్ని మీరు 32 ఏళ్ల వయసులో, అప్పటి ఊపిరి కొలతకు కట్టారు. తప్పు ఆ కొలతదే. వయసు మీద పడేకొద్దీ స్వరతంత్రుల కండరం పలచబడుతుంది, ఊపిరితిత్తుల సాగే గుణం తగ్గుతుంది, అందువల్ల పై స్వరాలను అందుకోవడం, పొడవైన పాదాన్ని ఒక్క ఊపిరిలో నడపడం ఎవరికైనా కష్టమవుతుంది. నాలుగు శ్రుతిలో పాడుతున్న ఆ పాటను రెండున్నరకు దించండి. మూడో పాదాన్ని రెండుగా విరిచి, ఆ విరుపులో గిటారును ఒక ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేంతసేపు, ఒంటరిగా నడవనివ్వండి. ఇప్పుడు తడబాటుగా వినిపిస్తున్న చోటే, తర్వాతి మాట చెప్పాలా వద్దా అని మీరు ఆగినట్టు వినిపిస్తుంది. ఆ పాటలోని మనిషికి అలా ఆగడం తగిన పని కూడా.

ఇంగ్లండు జానపద గాయని షిర్లీ కాలిన్స్ 1970ల చివర గొంతు పట్టు తప్పి పాడటం మానేసి, 38 ఏళ్ల విరామం తర్వాత, 2016లో, 81 ఏళ్ల వయసులో కొత్త ఆల్బమ్ తెచ్చారు. దాన్ని ఆమె ఇంట్లోనే రికార్డు చేశారు. అందులోని గొంతు పాతదానికంటే బాగా కిందికి దిగి ఉంటుంది, ఆ దిగుడును ఆమె ఎక్కడా దాచలేదు. తన పాటలు తానే రాసుకునే వాష్టీ బన్యన్ 1970లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవడంతో సంగీతం వదిలి పిల్లలను పెంచుకున్నారు. 2000లో అది మళ్లీ విడుదలై కొత్త శ్రోతలను సంపాదించాక, 2005లో రెండో ఆల్బమ్ చేశారు. మీరు పాట లేకుండా గడిపిన ఏళ్లను పోగొట్టుకున్న కాలంగా లెక్కగడుతున్నారు కనుక వీరిద్దరినీ గుర్తుచేస్తున్నాను.

మొదటి పాటలో 'కాలమే గాయాలకు మందు' అన్న పాదాన్ని కొట్టేయండి, అది ఎవరైనా రాయగలరు. దాని కిందే 'తలుపు గడియ తీసే ఉంచాను, గాలికి కొట్టుకున్నప్పుడల్లా లేచి చూశాను' అని రాశారు. అది చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. దాన్నే పల్లవి చేయండి. జానపద పాటలో పల్లవి అక్షరం మారకుండా తిరిగి వచ్చినా, మధ్యలో చరణం కథను ముందుకు జరుపుతుంది కనుక వచ్చిన ప్రతిసారీ దాని బరువు మారుతుంది. మొదటిసారి ఎదురుచూపుగా విన్న గడియ, మూడోసారికి ఇక ఎవరూ రారని తెలిసినా తెరిచి ఉంచిన గడియ అవుతుంది.

సొంతంగా విడుదల చేయబోతున్నారు కనుక ఒక్క మాట గట్టిగా చెబుతాను. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. ఏ ఒప్పందం చదివినా ఈ రెండింటినీ విడివిడిగా వెతకండి. చిన్నతనంలో నేను ఒక సంస్థకు చదవకుండా సంతకం చేసి ఇచ్చిన రికార్డింగులు నేటికీ నావి కావు, వాటిని నా పిల్లలకు ఇవ్వలేకపోతున్నాననే బాధ నాకు ఇంకా తగ్గలేదు.

వేళ్ల నొప్పి గురించి దిగులు వద్దు, చర్మం కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. రోజూ కొద్దిసేపే వాయించండి. రెండో పాటను కింది శ్రుతిలో పాడి పంపండి. మధ్యలో దగ్గు వచ్చినా మళ్లీ మొదలుపెట్టకుండా, ఒకే ఊపున చివరిదాకా పాడినదే నాకు కావాలి.

మీ శ్రేయోభిలాషి