ఆవిర్లు సరే, తగ్గిన ఆ నాలుగు కిలోల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 47. సొంతూరు మదనపల్లె, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 ఎంజీ, ఏడాది నుంచి టోఫాసిటినిబ్ రోజూ రెండు పూటలా వేసుకుంటున్నాను. ఆర్నెల్లుగా నెలసరి సరిగా రావట్లేదు. వచ్చే ముందు నాలుగైదు రోజులు వేళ్లు వాచి దువ్వెన కూడా పట్టుకోలేను. పగలు ఆవిర్లు, రాత్రి నైటీ తడిసిపోయేంత చెమట. జ్వరం లేదు. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను, అదొక్కటే సంతోషం. నొప్పులకు మెడికల్ షాపులో ప్రెడ్నిసోలోన్ తెచ్చుకుని రెండు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నా. షాపతను మనవాడే, నమ్మకస్తుడు. మా వదినకు రాసిన హార్మోన్ బిళ్లలు నేనూ వాడొచ్చా? అవిసె గింజలు పనిచేస్తాయా?

జవాబు: హార్మోన్ల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ నాలుగు కిలోలు. మీరు తిండి తగ్గించానని గానీ, నడక మొదలుపెట్టానని గానీ రాయలేదు. మెనోపాజ్ దగ్గర పడుతున్నప్పుడు చాలామందికి బరువు పెరుగుతుంది, ఊరికే తగ్గదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు రెండు వాడుతూ, పైన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటూ, రాత్రి బట్టలు తడిసేలా చెమట పడుతోంది, బరువు తగ్గుతోంది అంటే మన దేశంలో ఏ డాక్టరైనా మొదట అడిగేది టీబీ గురించే. మీకు టీబీ ఉందని నేను అనట్లేదు, చూడకుండా అనలేను కూడా. కానీ లేదని తేల్చుకోవాలి. టోఫాసిటినిబ్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేసే ఉంటారు, అప్పుడు లేదన్నారని ఇప్పుడూ ఉండదనుకోవద్దు.

జ్వరం లేదన్నారు. రోజూ ప్రెడ్నిసోలోన్ మింగేవాళ్లకు జ్వరం బయటపడకపోవచ్చు, అది అణిచేస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మెడికల్ షాపతను మనవాడే కావచ్చు, తెలుగులో ఆప్యాయంగా మాట్లాడొచ్చు, అంతమాత్రాన డాక్టర్ అయిపోడు కదా! మా ఓపీలో వారానికి ఒకరిద్దరైనా ఇలాంటివాళ్లు వస్తారు, చిన్న తెల్ల బిళ్ల డాక్టర్ గారూ, వేసుకోగానే లేచి తిరుగుతున్నా అంటారు. తిరుగుతారు, నిజమే. ఈలోగా షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మీకైతే కీళ్లవాతం, తగ్గుతున్న ఈస్ట్రోజెన్ హార్మోన్, స్టెరాయిడ్, మూడూ కలిసి ఎముకల మీదే పడతాయి, కాబట్టి ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గురించి అడగండి. ఇది చదివి రేపటి నుంచి ఆ బిళ్ల టక్కున మానేయొద్దు సుమా. మూడు వారాలు దాటి వాడాక ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. టోఫాసిటినిబ్, మెథోట్రెక్సేట్ కూడా మీ అంతట మీరు ఆపకండి. ఈ వారమే వెళ్లి, షాపులో కొన్న బిళ్లలతో సహా ఏమీ దాచకుండా చెప్పండి.

ఛాతీ ఎక్స్‌రే, రక్త కణాల కౌంట్, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ రాస్తారనుకుంటా. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. దగ్గు ఉంటే తెమడ పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. మెడ దగ్గర గడ్డలేమైనా తగులుతున్నాయేమో చూసుకోండి, టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు.

అన్నట్టు నెలసరి రాకపోతే మెనోపాజే అనుకోకండి. వరుసగా 12 నెలలు రాకపోతేనే అలా అంటాం, అప్పటిదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. నవ్వకండి, మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు చాలా ప్రమాదం. నెల తప్పినప్పుడు ఒక యూరిన్ టెస్ట్, గర్భం రాకుండా జాగ్రత్త, రెండూ తప్పనిసరి.

ఇక మీరు అడిగింది. నెలసరికి ముందు హార్మోన్లు పడిపోయే రోజుల్లో కీళ్ల నొప్పులు పెరిగాయని చాలామంది చెబుతారు, అది మీ భ్రమ కాదు. కాకపోతే పొద్దున బిగుసుకుపోవడం గంటకు మించి ఉంటే, కీళ్లు వాస్తుంటే హార్మోన్ల మీదకు నెట్టేయకూడదు, అసలు జబ్బే అదుపు తప్పి ఉండొచ్చు. వదినగారి బిళ్లలు మాత్రం ముట్టుకోవద్దు. కీళ్లవాతం ఉన్నవాళ్లు హార్మోన్లు వాడనే కూడదని కాదు, కానీ టోఫాసిటినిబ్‌కి రక్తం గడ్డకట్టే ముప్పు ఉందని హెచ్చరిక ఉంది, నోటితో వేసుకునే ఈస్ట్రోజెన్‌కీ అదే ముప్పు. రెండూ ఒకరికే ఎందుకు? చర్మం మీద రాసే జెల్, ప్యాచ్‌లతో ఆ ముప్పు తక్కువ, హార్మోన్ లేని మందులు కూడా ఉన్నాయి, మీకు ఏది సరిపోతుందో గైనకాలజిస్ట్, రుమటాలజిస్ట్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. అదీ పైన చెప్పిన పరీక్షలు అయ్యాకే. వెళ్లేటప్పుడు నెలసరి తేదీలు, నొప్పి ఎక్కువైన రోజులు, చెమట పట్టిన రాత్రులు క్యాలెండర్ మీద గుర్తుపెట్టి తీసుకెళ్లండి, పది నిమిషాల ఓపీలో మాకు అదే పెద్ద సాయం.

అవిసె గింజలా? ఆవిర్లు తగ్గుతాయని గట్టి రుజువు లేదు. రోజుకో చెంచా పొడి అన్నంలో కలుపుకుని తింటే నాకేం అభ్యంతరం లేదు.