నెల్లూరు నుంచి అమెరికాకు చదువుకోడానికి వెళ్తున్నాను. విమానం దిగాక ఏం అడుగుతారు?

టెన్షన్ పడేంత లేదు. మామూలుగా అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్. అక్కడి నుంచి ఇంకో విమానం ఉన్నా సరే, పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాలి. పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం చేతిసంచిలోనే ఉంచుకోండి. చెన్నైలో ఐ-20ని చెక్-ఇన్ పెట్టెలో వేసేసి, దిగాక బిక్కమొహం వేసిన కుర్రాణ్ని చూశాను. ఏం చదువుతావు, ఫీజు ఎవరు కడతారు అంటారు, ఉన్నదున్నట్టు చెప్పండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద మొదటిసారి వెళ్లేవాళ్లను కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు రానివ్వరు.

అసలు తంటా అమ్మ కట్టిచ్చే మూటలతోనే. మలై కాజా, ఆవకాయ, ఎండు చేపలు ఏవున్నా తినేవి తెచ్చానని ముందే చెప్పేయండి. చెబితే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా పడొచ్చు. చికెన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి.