ముందు కింది అంతస్తు సంగతి చెప్పండి

మీ అపార్ట్‌మెంటుకు కింద మొత్తం పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, భూకంపానికి తట్టుకునేలా గట్టి చేయిద్దామంటే ఓనర్లెవరూ డబ్బు తీయడం లేదు అన్నారు కదా. భూకంపం వస్తుందని భయపెడితే లాభం లేదండీ, వచ్చినప్పుడు చూద్దాంలే అంటారు. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు మీటింగులో పెట్టండి. మొత్తం పనితో పోలిస్తే దాని ఖర్చు చిన్నదే, దానికి ఒప్పుకుంటారు.

అసలు బలహీనత కింది అంతస్తులోనే. పైన గోడలు బిగువునిస్తాయి, కింద ఒట్టి స్తంభాలే, కాబట్టి ఊపంతా వాటి మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలాయి. "భూకంప కేంద్రం మనకు దూరంలే" అనేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

ఇల్లు ఖాళీ చేయాలేమోనని కూడా చాలామందికి టెన్షన్. తరచుగా పని కింది అంతస్తుకే పరిమితమవుతుంది: కొన్ని స్తంభాల మధ్య కాంక్రీటు గోడలు లేదా స్టీలు బ్రేసింగు (ఏటవాలుగా బిగించే స్టీలు దూలాలు), మిగతావాటికి జాకెటింగు (స్తంభం చుట్టూ అదనంగా కాంక్రీటో స్టీలో తొడగడం). ఏది ఎక్కడన్నది పునాది చూసి ఇంజినీరే తేల్చాలి. మేస్త్రీ మాట మీద మాత్రం మొదలుపెట్టకండి.

డబ్బు ఒకేసారి అడగొద్దు, నెలవారీ మెయింటెనెన్సులో కలిపి వసూలు చేయండి.