నిరీక్షణ అంటే ఎదురుచూడటమేనా?

ప్రశ్న: ఈమధ్యే మా అమ్మ చనిపోయింది. ఆదరణ కూడికలో పాస్టరుగారు "మనకు నిరీక్షణ ఉంది" అని చాలాసార్లు అన్నారు. మా ఆఫీసు స్నేహితురాలు తర్వాత "దేనికోసం నిరీక్షణ?" అని అడిగితే నాకు చెప్పడం రాలేదు. ఇంగ్లిషులో హోప్ అన్నచోట మన బైబిల్లో నిరీక్షణ అని ఉంది. ఆశ అనాలి కదా? అమ్మ సమాధి రాయి మీద 'పునరుత్థాన నిరీక్షణతో' అని రాయించాలా, 'నిరీక్షణలో' అనా?

జవాబు: అమ్మగారి సంగతి చదివి బాధ కలిగిందమ్మా. ఆ మాట తప్పేమీ కాదు, నన్నడిగితే ఆశ కంటే అదే మంచి మాట.

హిందీ బైబిల్లో 'ఆశా' అనే ఉంటుంది, వాళ్లకు నిరీక్షణ్ అంటే తనిఖీ. మనకు మాత్రం ఆశ అనగానే ఆశపోతు, పేరాశ, ఆశకు అంతులేదు, ఇవన్నీ వెంట వచ్చేస్తాయి. పైగా ఆశ తీరొచ్చు, తీరకపోవచ్చు. పౌలు చెప్పేది అలా ఊగిసలాడేది కాదు, "ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు" అంటాడు రోమా పత్రికలో, అంటే రోములోని విశ్వాసులకు ఆయన రాసిన ఉత్తరంలో, 5వ అధ్యాయంలో.

నిరీక్షణలో ఉన్నది 'ఈక్షణ', అంటే చూడటం. ముందున్న 'నిర్' నిరాశలో లాగా లేదని చెప్పేది కాదు, నిర్ణయంలో ఉన్నట్టు గట్టిదనాన్ని చెప్పేది, కాబట్టి చూపు తిప్పకుండా చూడటం అన్నమాట. తెలుగులో ఎదురుచూడటానికి ఉన్న మాటల్లో చాలావాటిలో కన్నో చూపో ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఎదురుచూపు సరే, బైబిల్లో వచ్చే 'కనిపెట్టు' కూడా అంతే. 130వ కీర్తనలో కావలివాళ్లు ఉదయం కోసం కనిపెడతారు. ఇప్పుడు ఆ మాట వింటే కొత్తది కనుక్కోవడమే గుర్తొస్తుంది గానీ, జ్వరంతో ఉన్న పిల్లాణ్ని "కాస్త కనిపెట్టుకుని ఉండు" అని ఇళ్లలో ఇంకా అంటూనే ఉన్నాం. రాత్రంతా పక్కన కూర్చుని తెల్లారడం కోసం చూసినవాళ్లకు ఆ కీర్తన అర్థం వేరే చెప్పక్కర్లేదు. కావలివాడికి తెల్లవారుతుందా లేదా అన్న అనుమానం ఉండదు, ఇంకా చీకటిగా ఉంది, అంతే.

అదే రోమా పత్రికలో "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని" ఉంది చూడండి, పరీక్షలోనూ నిరీక్షణలోనూ ఉన్నది ఒకే ఈక్ష. గ్రీకులో ఈ పోలిక లేదు, మన భాషలోకి వచ్చాకే కుదిరింది. ఇక్కడ పరీక్ష అంటే హాల్ టికెట్ పరీక్ష కాదు, కాల్చి చూస్తే బంగారం బంగారమేనని తేలడం. శ్రమ అంటే కూడా కష్టపడి పనిచేయడం కాదు. 'శ్రమిస్తే ఓర్పు వస్తుంది' అని పిల్లలకు చదువు గురించి చెప్పేటప్పుడు ఈ వాక్యం వాడుతుంటారు, అది పొరపాటు. మూలంలో ఉన్న థ్లిప్సిస్‌కు నొక్కుడు, నలుగుడు అని అర్థం. సిలువ శ్రమలు, శ్రమల వారం అంటున్నామే, ఆ శ్రమ. మీరిప్పుడు పడుతున్నదీ అదే. శ్రమ మంచిదని పౌలు ఎక్కడా అనడు, ఆ నలుగుడులో మనిషి ఏమై బయటికి వస్తాడో చెబుతాడు.

మీ స్నేహితురాలు అడిగింది సరైన ప్రశ్నే. అమ్మను మళ్లీ చూస్తామని, దానికోసమే నిరీక్షణ అని చెప్పండి. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఉన్నదీ ఇదే, దుఃఖపడొద్దని కాదు, "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడొద్దని. ఏడవడానికి అడ్డేం లేదమ్మా.

ఇక రాయి సంగతి. 'తో' రాయించండి. 'లో' అంటే ఇంకా ఎటూ తేలని స్థితిలా వినిపిస్తుంది, 'తో' అంటే దాన్ని వెంట తీసుకెళ్లారని. "పునరుత్థాన నిరీక్షణతో ప్రభువునందు నిద్రించిరి" అంటే సరిపోతుంది. చాలా రాళ్ల మీద 'నిరిక్షణ' అని చూశాను, చెక్కేవాళ్లకు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి 'రీ'కి దీర్ఘం ఉందో లేదో చూసుకోండి.