ప్యాసివ్‌లో టెన్స్ తప్పుతోంటే: జవాబును వెనక్కి తిప్పి చూడండి

రూల్స్ నోటికి వచ్చినా ఇంగ్లిష్ వాక్యాన్ని యాక్టివ్ వాయిస్ నుంచి ప్యాసివ్‌లోకి మార్చగానే టెన్స్ తప్పుతోందంటే, మీరు క్రియను విడిగా చూడకుండా వాక్యమంతా ఒకేసారి మార్చేస్తున్నారు. అమీర్‌పేటలో ఇంకో కోచింగ్ మెటీరియల్ కొనకండి, ఉన్నది చాలు.

ప్యాసివ్‌లోకి మార్చడానికి ఈ వాక్యం తీసుకుందాం: ‘ది గార్డ్స్ హావ్ క్లోజ్డ్ ది గేట్’.
మీ జవాబు ఇదనుకుందాం: ‘ది గేట్ వాజ్ క్లోజ్డ్ బై ది గార్డ్స్’.

1. క్రియ కింద గీత గీయండి: ‘హావ్ క్లోజ్డ్’. పక్కనే టెన్స్ పేరు రాయండి: ప్రెజెంట్ పర్ఫెక్ట్.

2. ఇప్పుడు గేట్ ముందుకొచ్చింది. అది ఒక్కటే కాబట్టి ‘హావ్’ కాస్తా ‘హాజ్’ అవుతుంది, ‘బీన్’ చేరుతుంది. టెన్స్ మాత్రం మారదు: ‘ది గేట్ హాజ్ బీన్ క్లోజ్డ్ బై ది గార్డ్స్’.

3. చాలామంది వదిలేసేది ఇదే. అసలు వాక్యాన్ని చేత్తో మూసేసి, మీ జవాబును మళ్లీ యాక్టివ్‌లోకి తిప్పండి. మీది తిప్పితే ‘ది గార్డ్స్ క్లోజ్డ్ ది గేట్’ వస్తుంది. ‘హావ్’ ఏమైంది? తప్పు అక్కడే దొరికింది. ఆన్సర్ కీ చూసి టిక్ పెట్టుకుంటే ఇది ఎప్పటికీ కనిపించదు. దయచేసి ఈ స్టెప్ మానకండి.

‘హీ వాజ్ టూ టైర్డ్ టు వాక్’ లాంటివాటిని ‘సో... దట్’లోకి మార్చేటప్పుడూ ఇంతే, టెన్స్ మారదు. ‘వాజ్’ ఉంది కాబట్టి ‘హీ వాజ్ సో టైర్డ్ దట్ హీ కుడ్ నాట్ వాక్’ అవుతుంది, ‘కెనాట్’ కాదు.

‘స్లీప్’, ‘అరైవ్’ లాంటి, కర్మ (ఆబ్జెక్ట్) లేని క్రియలకు మామూలుగా ప్యాసివ్ ఉండదు. వాటితో కుస్తీ పట్టకండి.

వొకాబులరీ కోసం, తిప్పేటప్పుడు ఒక్క మాట మార్చండి: ‘టైర్డ్’ బదులు ‘ఎగ్జాస్టెడ్’. రోజుకు ఐదు వాక్యాలు చాలు.